గోడ మీది క్యాలెండర్‌తో ఆకాశం చూడటం ఎలా

ఆకాశం చూడటం మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే మాట ఒకటే: "ఏ టెలిస్కోపు కొనమంటారు?" ఏదీ కొనవద్దంటాను. టెలిస్కోపు ఆకాశంలో గోరంత ముక్కను పెద్దది చేసి చూపిస్తుంది. ఉల్క ఏ మూల నుంచి వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి ఉల్కలకు అది పనికిరాదు. చంద్రగ్రహణం ఉత్త కళ్లతోనే బాగుంటుంది. పున్నమి సంగతి చెప్పనే అక్కర్లేదు. మీకు ముందు కావలసిన పరికరం ఇప్పటికే మీ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. అదే తెలుగు క్యాలెండర్. ప్రతి తేదీ గడిలోనూ తిథి, నక్షత్రం చిన్న అక్షరాల్లో ఉంటాయి. ముహూర్తాలకూ ఉపవాసాలకూ చూసే ఆ అక్షరాలు నిజానికి ఆ రోజు చంద్రుడు ఆకాశంలో ఎక్కడున్నాడో చెప్పే లెక్కలు. వాటిని చదవడం వస్తే సగం పని అయినట్టే.

తిథిని గడియారంలా చదవడం

సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఆకాశంలో పెరిగే ప్రతి 12 డిగ్రీల దూరం ఒక తిథి. అమావాస్య ముగిసే క్షణానికి ఆ దూరం సున్నా. అక్కడి నుంచి చంద్రుడు తూర్పుగా జరుగుతూ పోయి, పౌర్ణమి తిథి ముగిసే క్షణానికి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల దూరంలో ఉంటాడు. అంటే క్యాలెండర్‌లో "పౌర్ణమి ఉ. 6.58 వరకు" అని ఉంటే, చంద్రుడు పూర్తిగా నిండే క్షణం అదే. దృక్ పద్ధతిలో, అంటే ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా, లెక్క కట్టిన పంచాంగమైతే ఇది నిమిషాల తేడాతో సరిపోతుంది. పాత సూత్రాలతో కట్టే పూర్వపద్ధతి పంచాంగాల్లో కొన్నిసార్లు గంటల తేడా వస్తుంది. అందుకే మీ ఇంట్లో ఉన్నది ఏ పద్ధతిదో ఒకసారి మొదటి పేజీల్లో చూసుకోండి.

ఇప్పుడు అసలు ఉపయోగం చెబుతాను. భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు పడుతుంది. కాబట్టి శుద్ధ పక్షంలో తిథి సంఖ్యను 48 నిమిషాలతో హెచ్చవేసి, వచ్చినదాన్ని సూర్యాస్తమయానికి కలపండి. చంద్రుడు అస్తమించే వేళ వస్తుంది. బహుళ పక్షంలో అదే లెక్క చేస్తే చంద్రుడు ఉదయించే వేళ వస్తుంది. శుద్ధ అష్టమికి చంద్రుడు అర్ధరాత్రి అస్తమిస్తాడు. బహుళ అష్టమికి అర్ధరాత్రి ఉదయిస్తాడు. ఈ లెక్కలో గంట అటూ ఇటూ కావచ్చు, కానీ రాత్రి ప్రయాణం పెట్టుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి చాలు.

ఎందుకు ఇంత పట్టింపు అంటే, వెన్నెల ఉల్కలకు పెద్ద శత్రువు. ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో వచ్చే జెమినిడ్ ఉల్కాపాతాన్నే తీసుకోండి. 2026లో డిసెంబరు 14 రాత్రి చంద్రుడు శుద్ధ పంచమి, షష్ఠి మధ్య ఉంటాడు. అయిదు నలభై ఎనిమిదులు 240 నిమిషాలు, అంటే నాలుగు గంటలు. ఆ రోజుల్లో సూర్యాస్తమయం అయిదు ముప్పావుకు. రాత్రి పది ప్రాంతానికి చంద్రుడు పడమట దిగిపోతాడు, ఆ తర్వాత తెల్లవారేదాకా చీకటి మీదే. 2027లో అదే తేదీకి సరిగ్గా పౌర్ణమి. ఆ ఏడాది సెలవు పెట్టుకుని దూరం వెళ్లడం దండగ. 2028లో అమావాస్యకు రెండు మూడు రోజుల ముందు పడుతోంది, మళ్లీ మంచి అవకాశం. ఇదంతా తెలుసుకోవడానికి యాప్ కూడా అక్కర్లేదు.

చోటు వెతకడం

చీకటి ఉన్న చోటు కావాలి, దాంతోపాటు తేటగా ఉన్న ఆకాశం కావాలి. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. డిసెంబరు అనగానే అందరికీ లంబసింగి, అరకు గుర్తొస్తాయి. అక్కడ చలి ఉంది, చీకటి ఉంది, కానీ అర్ధరాత్రి దాటాక పొగమంచు కమ్మేస్తుంది. ఉల్కలు జోరందుకునే వేళకు మీకు పక్క మనిషి కూడా కనిపించడు. దక్షిణ కోస్తాలో డిసెంబరు వాయుగుండాల నెల, అక్కడ చివరి రోజు దాకా వాతావరణ సూచన చూస్తూ ఉండాల్సిందే. నన్నడిగితే ఉల్కలకు రాయలసీమే మేలు. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. పొడిగాలి, విశాలమైన మైదానం, ఊరికీ ఊరికీ మధ్య కావలసినంత ఎడం. తెలంగాణలో ఉన్నవాళ్లు హైదరాబాద్ నుంచి కనీసం 60 కిలోమీటర్లు బయటికి వెళ్లి, నగరం కాంతి తమ వీపు వైపు ఉండేలా కూర్చోవాలి. నల్లమల వైపు వెళ్లాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. శ్రీశైలం రోడ్డు మీద అటవీశాఖ గేట్లు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరింటికి గానీ తీయరు. అడవిలో ఆగడానికి వీల్లేదు.

అన్నిటికంటే మంచి చోటు తెలిసినవాళ్ల పొలం, లేదా మీ సొంత ఊళ్లో డాబా. పొలానికి వెళ్తే పగటిపూటే ఒకసారి వెళ్లి చూసి రండి. అడవి పందుల కోసం చుట్టూ కరెంటు తీగలు లాగే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. రాత్రిపూట అవి ప్రాణం తీస్తాయి. పొలం యజమానిని, పక్క పొలాలవాళ్లను అడిగి తెలుసుకోకుండా చీకట్లో గట్లమీద నడవకండి. కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర, టార్చి ఉండాలి. ఒంటరిగా వెళ్లవద్దు. ఊళ్లో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లండి.

నగరం వదిలి వెళ్లలేనివాళ్లు అపార్టుమెంటు పైకెక్కి, నీళ్ల ట్యాంకు నీడలో పడుకోండి. వీధి దీపం నేరుగా కంట్లో పడకుండా ఉంటే నగరంలో కూడా పెద్ద ఉల్కలు కనిపిస్తాయి. సంఖ్య తగ్గుతుంది, అంతే.

ఆకాశం ఎంత బాగుందో చెప్పే కొలత ఒకటి మన దగ్గరే ఉంది. డిసెంబరులో రాత్రి పదింటికి కృత్తిక దాదాపు నడినెత్తిన ఉంటుంది. పల్లెల్లో పిల్లలకోడి అనేది దీన్నే. ఆ గుంపులో చుక్కలు లెక్కపెట్టండి. ఆరు స్పష్టంగా వస్తే ఆకాశం చాలా బాగున్నట్టు. ఉత్త మసకగా మబ్బు తునకలా కనిపిస్తే ఇంకాస్త చీకటిలోకి వెళ్లాలి. నేరుగా చూసినప్పుడు అందని చుక్కను కాస్త పక్కకు, ఓరచూపుతో చూడండి. కంటి లోపలి తెర (రెటీనా) మధ్యభాగం కంటే పక్కభాగం మసక వెలుతురును బాగా పట్టుకుంటుంది.

ఉల్కల రాత్రి

మూట కట్టుకోవాల్సినవి: చాప లేదా మడత మంచం, రెండు దుప్పట్లు, మంకీ క్యాప్, స్వెట్టర్, ఫ్లాస్కులో టీ, దోమల మందు, నోటుబుక్కు, పెన్సిలు. టార్చికి ఎర్ర గాలిపటం కాగితం రెండు పొరలుగా కట్టి రబ్బరుబ్యాండు వేయండి. ఎర్ర వెలుగు కంటి చీకటి అలవాటును పాడుచేయదు. పెన్సిలు ఎందుకంటే మంచుకు తడిసిన కాగితం మీద పెన్ను రాయదు. చలిని తక్కువ అంచనా వేయవద్దు. నడుస్తున్నప్పుడు హాయిగా అనిపించే చలి, కదలకుండా రెండు గంటలు పడుకుంటే ఎముకల్లోకి దిగుతుంది.

చేరాక మొదటి పని, ఫోన్ జేబులో పెట్టేయడం. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి వాట్సాప్ తెరిస్తే ఆ అరగంట వృథా, మళ్లీ మొదటికి రావాలి. గుంపుగా వెళ్తే ఈ నియమం అందరికీ ముందే చెప్పండి, ఒక్కరి స్క్రీన్ చాలు పదిమంది కళ్లు పాడుచేయడానికి.

తర్వాత పునర్వసు నక్షత్రాన్ని గుర్తుపట్టండి. నడినెత్తిన కృత్తిక, దానికి ఆగ్నేయంగా వరసగా మూడు చుక్కలున్న పెద్ద మృగవ్యాధ (ఓరియన్) మండలం, ఆ మండలానికి ఈశాన్యంగా దాదాపు ఒకే వెలుగుతో పక్కపక్కన రెండు చుక్కలు. అవే పునర్వసు, మిథున రాశికి తలకాయలు. జెమినిడ్ ఉల్కలన్నీ ఈ జంటలో ఒకదాని దగ్గర నుంచి విరజిమ్మినట్టు వస్తాయి. ఇది మన కంటికి కలిగే భ్రమే. సమాంతరంగా వచ్చే రాళ్లు, దూరంగా కలిసిపోయే రైలు పట్టాల్లా, ఒకే చోటి నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. పునర్వసు రాత్రి ఏడింటి ప్రాంతంలో ఉదయిస్తుంది, తెల్లవారుజామున రెండింటికి నడినెత్తికి వస్తుంది. అది ఎంత పైకి వస్తే ఉల్కలు అంత ఎక్కువ.

కానీ పునర్వసునే చూస్తూ కూర్చోవద్దు. ఆ చుక్కల దగ్గర పుట్టే ఉల్కలు నేరుగా మనవైపు వస్తాయి కాబట్టి పొట్టిగా కనిపిస్తాయి. దానికి జానెడో బారెడో దూరంగా, సగం ఎత్తులో ఎక్కడ చీకటి ఎక్కువ ఉంటే అక్కడ చూపు నిలపండి. వెల్లకిలా పడుకుని, ఎక్కడా గుచ్చి చూడకుండా, ఆకాశమంతా కంట్లో పడేలా చూడటం మంచి పద్ధతి. కనిపించిన ఉల్క దారిని వెనక్కి గీసుకుంటూ వెళ్లండి. పునర్వసు దగ్గరికి చేరితే అది జెమినిడ్. లేకపోతే దారి తప్పి వచ్చిన వేరే ఉల్క. నిదానంగా, వెలుగు మారకుండా నడిచిపోయేది ఉపగ్రహం. రెప్పలు కొడుతూ పోయేది విమానం.

పత్రికల్లో "గంటకు 150 ఉల్కలు" అని చూస్తారు. అది పునర్వసు నడినెత్తిన ఉండి, ఆకాశం అడవి చీకటిలా ఉండి, ఎక్కడా అడ్డం లేకపోతే వచ్చే లెక్క. పల్లె ఆకాశంలో గంటకు నలభై, యాభై వస్తే చాలా మంచి రాత్రి. అవి కూడా వరసగా రావు. పది నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత నిమిషంలో నాలుగు. మొదటి పావుగంటలో ఏమీ కనిపించలేదని లేచి వెళ్లిపోయిన వాళ్లను చాలామందిని చూశాను. కనీసం గంటన్నర పడుకుంటానని గట్టిగా అనుకుని రండి.

ఒక మాట ఈ ఉల్కల పుట్టుక గురించి. చాలా ఉల్కాపాతాలకు తల్లి తోకచుక్క. తోకచుక్క సూర్యుడి దగ్గరికి వచ్చిపోతూ దారిలో ధూళి రాల్చుతుంది, భూమి ఏటా అదే తేదీల్లో ఆ ధూళి దారిని దాటుతుంది, ఇసుక రేణువంత ముక్కలు 80, 100 కిలోమీటర్ల ఎత్తులో గాలిలో మండిపోతాయి. జెమినిడ్ల తల్లి మాత్రం తోకచుక్కలా కాక గ్రహశకలంలా కనిపించే ఫేథాన్. దీన్ని 1983లో ఒక ఉపగ్రహం కనిపెట్టింది. ఈ ముక్కలు సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. ఉల్కల్లో అది నిదానమే. నవంబరులో వచ్చే లియొనిడ్లది దానికి రెట్టింపు, 71 కిలోమీటర్లు. అందుకే జెమినిడ్ మీ కంటికి కాస్త ఆగి, చూసుకోనిచ్చి పోతుంది. మొదటిసారి చూసేవాళ్లను నేను దీనికే తీసుకెళ్తాను.

మిగతా ఉల్కాపాతాల్లో మనకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది, దాని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడుకుంటారు. మే 5, 6 తేదీల్లో వచ్చే ఈటా అక్వేరియిడ్లు. హేలీ తోకచుక్క రాల్చిన ధూళి ఇది. ఆ తోకచుక్క మళ్లీ 2061లో గానీ రాదు, దాని ముక్కలు మాత్రం ఏటా వస్తాయి. ఉత్తరాది దేశాలవాళ్లకు ఇవి సరిగా కనిపించవు, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు మేలు. వేసవి సెలవుల్లో డాబా మీద పడక ఎలాగూ ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని తూర్పు వైపు తిరిగి పడుకుంటే చాలు. 2027 మే 6 అమావాస్య, దాన్ని ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఆగస్టు 12, 13 పెర్సిడ్ల గురించి ఏటా హడావిడి వింటారు. ఇక్కడ అది వానాకాలం, పైగా ఆ ఉల్కలు వచ్చే దిక్కు మనకు ఉత్తరాన కిందికి ఉంటుంది. మబ్బు విడిస్తే చూడండి, దానికోసం ప్రయాణం పెట్టుకోవద్దు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు మాత్రం ఆ రాత్రి తప్పకుండా చూడమని చెప్పండి, వాళ్లకు అది వెచ్చని వేసవి రాత్రి.

చంద్రగ్రహణం

2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి, ఆదివారం. ఆ రాత్రి 9.57కి గ్రహణం పట్టింది, 11 గంటలకు చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లాడు, 82 నిమిషాలు ఎర్రగా ఉండి 12.22కి బయటికి రావడం మొదలైంది. దేశమంతటికీ కనిపించిన గ్రహణమది. 2026 మార్చి 3న ఫాల్గుణ పౌర్ణమినాటిది వేరే రకం. మనకు చంద్రోదయం అయ్యేసరికే సంపూర్ణ గ్రహణం అయిపోయింది, విడుపు చివర మాత్రం కొద్దిసేపు దక్కింది. ఇలాంటి గ్రస్తోదయాలకు తూర్పున అడ్డం లేని చోటు ముందే చూసుకోవాలి. చెరువు గట్టో సముద్రపు ఒడ్డో అయితే మంచిది.

ఇక ముందు రాబోయేవి. 2028 జులై 6 అర్ధరాత్రి ప్రాంతంలో పాక్షిక గ్రహణం, వానాకాలం కాబట్టి అదృష్టం ఉండాలి. అసలైనది 2028 డిసెంబరు 31. సరిగ్గా కొత్త సంవత్సరం ముందటి రాత్రి, చలికాలపు తేట ఆకాశంలో, చంద్రుడు బాగా పైన ఉన్నప్పుడు. రాత్రి 8.37 ప్రాంతంలో పట్టు, 9.46 నుంచి 11 దాకా సంపూర్ణం, కొత్త ఏడాది మొదలైన కొద్ది నిమిషాలకు విడుపు. ఊరంతా మేలుకుని ఉండే రాత్రి అది. మీ వీధిలో అందరినీ పైకి చూడమని చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం రాదు.

చూసే పద్ధతి. పంచాంగంలో గ్రహణానికి అయిదు సమయాలు ఇస్తారు: స్పర్శ (పట్టు), నిమీలనం (పూర్తిగా నీడలోకి వెళ్లడం), మధ్యం, ఉన్మీలనం (నీడలోంచి బయటికి రావడం మొదలు), మోక్షం (విడుపు). వాటిని ఒక కాగితం మీద రాసుకుని పక్కన ఖాళీ వదలండి. మీరు కళ్లతో చూసిన సమయాన్ని అక్కడ రాయండి.

స్పర్శకు ఓ ఇరవై నిమిషాల ముందే చంద్రుడి ఒక అంచు మసకబారినట్టు ఉంటుంది. అది ఉపచ్ఛాయ, భూమి అసలు నీడ చుట్టూ ఉండే పలచని నీడ. తర్వాత నల్లటి కొరుకుడు మొదలవుతుంది. ఆ నీడ అంచు వంపు తిరిగి ఉండటం గమనించండి, అది మన భూమి గుండ్రదనమే. నిమీలనం దగ్గర పడే కొద్దీ చంద్రుణ్ణి వదిలి మిగతా ఆకాశం చూడండి. నిండు పున్నమి వెన్నెల్లో ఒక్కటొక్కటిగా మాయమైన చుక్కలు గంటలో మళ్లీ వెలుగుతాయి. పల్లెలో ఉంటే పాలపుంత కూడా తిరిగి వస్తుంది. చాలామంది ఇది గమనించకుండా చంద్రుడి ఫోటోల్లో మునిగిపోతారు. నాకు గ్రహణంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

మధ్యంలో రంగు రాయండి. భూమి అంచుల గాలి గుండా వంగి వచ్చిన సూర్యకాంతి చంద్రుడి మీద పడుతుంది. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. పరిశీలకులు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. అసలు కనిపించనంత చీకటైతే సున్నా, ముదురు బూడిద లేదా గోధుమ రంగుకు ఒకటి, మట్టి ఎరుపుకు రెండు, ఇటుక రంగుకు మూడు, రాగి లేదా నారింజ మెరుపుకు నాలుగు. దీన్ని డాంజాన్ కొలత అంటారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలాక, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు చాలా చీకటిగా కనిపించాడు. మీ నోటుబుక్కులో మీరు వేసే అంకె ఆ రాత్రి భూమి గాలి ఎలా ఉందో చెబుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు పట్టుస్నానం, విడుపుస్నానం, దర్భలు, భోజనం వేళలు పాటిస్తే వాదించవద్దు. చూడటానికి పైకి రమ్మని పిలవండి. శ్రీకాళహస్తి గుడి గ్రహణం వేళ తెరిచే ఉంటుందన్న సంగతి వాళ్లకూ తెలుసు. గ్రహణం వేళ పళ్లెంలో రోకలి నిలబడుతుందని మన ఊళ్లలో పెడతారు కదా. అదే రోకలిని అదే పళ్లెంలో మర్నాడు పిల్లలతో నిలబెట్టించి చూడండి. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలుస్తుంది. గర్భిణులు చంద్రగ్రహణం చూస్తే బిడ్డకు హాని జరుగుతుందనడానికి ఆధారం లేదు. చూడాలని వాళ్లకుంటే కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

సూర్యగ్రహణం

ఇక్కడ మాత్రం కచ్చితంగా ఉంటాను. పాక్షిక సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్లతో ఒక్క క్షణం కూడా చూడకూడదు. కంటి లోపలి రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోతున్నా మీకు తెలియదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజు, సీడీలు, చలవ కళ్లద్దాలు, పసుపు నీళ్ల పళ్లెంలో ప్రతిబింబం, ఇవేవీ వద్దు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు, లేదా 14వ నంబరు వెల్డింగు గాజు మాత్రమే వాడండి. కళ్లద్దాలకు గీత పడినా, చిల్లు ఉన్నా పారేయండి. వాటిని పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడటం కూడా ప్రమాదమే. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు గ్రహణాల వేళ బహిరంగంగా చూపించే ఏర్పాట్లు చేస్తుంటాయి, దగ్గరలో ఉంటే వెళ్లండి.

కళ్లద్దాలు దొరక్కపోయినా చూసే దారి ఉంది, పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. చేతి అద్దాన్ని కాగితంతో పూర్తిగా మూసి, మధ్యలో రూపాయి బిళ్లలో సగం ఉండే రంధ్రం చేయండి. ఎండలో పెట్టి ఆ వెలుగును పది మీటర్ల దూరంలో ఉన్న చీకటి గది గోడ మీదికి మళ్లించండి. సూర్యుడి బొమ్మ తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. మీటరు దూరానికి సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు, ఇదే లెక్క. బొమ్మ మసకగా ఉంటే రంధ్రం చిన్నది చేయండి. తరగతి మొత్తం ఒకేసారి గ్రహణాన్ని చూడొచ్చు. అద్దంలోకి మాత్రం ఎవరూ తొంగి చూడకుండా ఒకరు కాపలా ఉండాలి. వేప చెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ ఆ వేళ నెలవంకలుగా మారతాయి. వంటింటి జల్లెడ పట్టుకున్నా అంతే.

2027 ఆగస్టు 2న ఆఫ్రికా ఉత్తరాన, అరేబియాలో సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది. జెడ్డా, మక్కా ఆ దారిలోనే ఉన్నాయి. గల్ఫ్‌లో పని చేస్తున్న మనవాళ్లకు ఇప్పటి నుంచే చెప్పండి. మన దేశంలో కొన్ని ప్రాంతాలకు సాయంత్రం పాక్షికంగా దక్కుతుంది. 2031 మే 21న కంకణ గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా వెళ్తుంది, మనకు పాక్షికం.

మన తెలుగు నేల మీద 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల ఆ నీడ దారిలోనే ఉంది, శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. అంతకు ముందు 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచు మంటల వెలుగును వర్ణపటంగా విడదీసి చూశాడు. హీలియం మూలకం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. అదే శతాబ్దంలో విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు తన ఇంట్లో వేధశాల కట్టుకున్నారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి గ్రహణాలను, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లడాన్ని గమనించి రాసిపెట్టారు. ఉద్యోగంగా కాదు, ఇష్టంతో. డాబా ఎక్కేవాళ్లకు తెలిసి ఉండాల్సిన పేర్లివి.

పున్నములు

పున్నమి చంద్రుణ్ణి చూడాల్సింది నడిరాత్రి కాదు, ఉదయించే వేళ. తిథి ముగిసే సమయం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. 2026 డిసెంబరు 24 ఉదయం 6.58కి మార్గశిర పౌర్ణమి ముగుస్తుంది, ఆ ఏడాదిలో చంద్రుడు భూమికి అతి దగ్గరగా వచ్చే పున్నమి అదే. కాబట్టి 23 సాయంత్రం సూర్యుడు ఇంకా అస్తమించకముందే చంద్రుడు తూర్పున వస్తాడు, 24 సాయంత్రం చీకటి పడ్డాక వస్తాడు. ఫోటోకు 23 మేలు. అప్పుడు కొండ, గుడి గోపురం, చెట్టు అన్నీ ఇంకా వెలుగులో కనిపిస్తూ ఉంటాయి. కేవలం కళ్లతో చూడటానికి 24.

ఉదయించేటప్పుడు చంద్రుడు పెద్ద పళ్లెంలా ఉన్నాడనిపిస్తుంది. చెయ్యి చాచి చిటికెన వేలు గోరును అడ్డం పెట్టండి, మొత్తం మూసుకుపోతాడు. ఆరు గంటల తర్వాత నడినెత్తిన ఉన్నప్పుడు మళ్లీ అదే వేలు పెట్టండి. తేడా ఉండదు. తెలిసినా మనసు ఒప్పుకోదు. నేను ప్రతి పున్నమికీ వేలు చాచి చూస్తూనే ఉంటాను.

మన నెలల పేర్లు పున్నమి చంద్రుడి విలాసాలే. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడు, మార్గశిరానికి మృగశిర దగ్గర, పుష్యానికి పుష్యమి, మాఘానికి మఖ, చైత్రానికి చిత్త. ఏడాది పొడవునా పన్నెండు పున్నములు చూసి, పక్కన ఉన్న చుక్కను గుర్తుపడితే నక్షత్ర చక్రంలో సగం మీకు వచ్చేస్తుంది. 2026లో కార్తీక పౌర్ణమి నవంబరు 24. ఆ వెన్నెల్లో కృత్తిక కంటికి ఆనదు. ఇంట్లో మామూలు బైనాక్యులర్స్ ఉంటే తీసి చూడండి, 7x50 లేదా 10x50 రకమైతే మరీ మంచిది. ఇంకో విషయం గమనించండి: చలికాలం పున్నమి చంద్రుడు మనకు దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తాడు, వేసవి పున్నమి చంద్రుడు దక్షిణాన కిందుగా వెళ్తాడు. సూర్యుడు చేసేదానికి సరిగ్గా తలకిందులు.

ఫోన్‌తో తీయాలంటే

ఉల్కలకు స్టాండు తప్పదు. ప్రో మోడ్‌లో షట్టర్ 20 సెకన్లు, ఐఎస్ఓ 1600, ఫోకస్ అనంతానికి పెట్టి, వెంట వెంటనే తీసుకుంటూ పొండి. వందలో ఒకటి రెండు ఫోటోల్లో గీత పడుతుంది. స్క్రీన్ వెలుగు పూర్తిగా తగ్గించి, గుంపుకు దూరంగా పెట్టండి. చంద్రుడికి దీనికి వ్యతిరేకం, స్క్రీన్ మీద చంద్రుణ్ణి నొక్కి పట్టుకుని వెలుగు కిందికి లాగితే మచ్చలు కనిపిస్తాయి.

రాసుకోవడం

నోటుబుక్కులో ప్రతి రాత్రికీ ఒక పేజీ ఇవ్వండి. తేదీ, తిథి, చోటు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఆకాశంలో ఎంతభాగం మబ్బు, కృత్తికలో ఎన్ని చుక్కలు లెక్కకొచ్చాయి. ఉల్కలైతే పావుగంటకు ఒక గడి గీసి, జెమినిడ్‌కు నిలువు గీత, వేరేదానికి సున్నా పెట్టండి. కాగితం చూడకుండా చీకట్లో రాయడం రెండు మూడు రాత్రుల్లో అలవాటవుతుంది. ఇంటర్నేషనల్ మీటియర్ ఆర్గనైజేషన్ ప్రపంచమంతటి నుంచి ఉత్త కళ్లతో లెక్కపెట్టిన ఇలాంటి లెక్కల్నే తీసుకుంటుంది, మీవీ పంపొచ్చు. మబ్బు పట్టి ఏమీ కనిపించని రాత్రిని కూడా రాయండి. మీ ఊళ్లో ఏ నెల ఆకాశం నమ్మదగ్గదో మూడేళ్ల పేజీలు తిరగేస్తే మీకే తెలుస్తుంది.

ఉల్కల తేదీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ రోజు తిథి చూడండి, 48తో హెచ్చవేసి సాయంత్రం సూర్యాస్తమయానికి కలపండి, చంద్రుడు వచ్చే వేళో పోయే వేళో కాగితం మీద రాసుకుని, ఆ సమయానికి డాబా ఎక్కి గడియారంతో సరిచూసుకోండి.